ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, లైబ్రరీకి 7 నెలలుగా తాళం. ఎవరిని అడగాలి?

రంగుదారం:

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లంతా రోజూ ఎదురుపడే మనుషులే, నాకు వాళ్లతో గొడవ లేదు. నాకు కావాల్సింది లైబ్రరీ తలుపు తెరవడం.

కూరగాయల మార్కెట్ వెనక సందులో 19 ఏళ్లుగా నాకు టైలరింగ్ షాపు ఉంది. షాపుకు సరిగ్గా ఎదురుగా శాఖా గ్రంథాలయం. పోయిన ఆషాఢంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు శ్లాబు పెచ్చులూడి పేపర్లు చదివే బల్ల మీద పడ్డాయి. ఆ రోజు శుక్రవారం, లైబ్రరీకి సెలవు, కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు మరమ్మతుల కోసం తాత్కాలికంగా మూసేశామని తలుపు మీద కాగితం అంటించారు. వారం తర్వాత పుస్తకాలను గోనె సంచుల్లో కుక్కి ట్రాక్టర్ మీద మున్సిపల్ స్కూల్లోని ఒక గదికి తీసుకెళ్లారు. నేను షాపులో కూర్చుని లెక్కపెట్టాను, 62 సంచులు. ఆ తర్వాత ఒక్క మేస్త్రీ కూడా వచ్చి గోడ వైపు చూసింది లేదు. అంటించిన కాగితం ఎండకు వెలిసి, అక్షరాలు కూడా పోయాయి.

ఆ లైబ్రరీ ఎలా ఉండేదో చెప్తాను. ఉదయం 8 గంటలకు తలుపు తీసేసరికి నలుగురైదుగురు పెద్దవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లలో ఒకాయన మార్కెట్లో హమాలీగా చేసి మానేశాడు, చదువు రాదు. పక్కాయన పేపరు పైకి చదువుతుంటే ఈయన వినేవాడు. ధాన్యం రేటు వార్త వస్తే మళ్లీ చదవమనేవాడు. సాయంత్రం 4 తర్వాత పోటీ పరీక్షల పిల్లలు. కుర్చీలు చాలకపోతే మెట్ల మీదే పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లు.

నా సంగతి కూడా చెప్పాలి. ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. కూడబలుక్కుని చదివే దాన్ని. ఆ లైబ్రరీలో వారపత్రికల సీరియళ్లు చదివీ చదివీ ధారాళంగా చదవడం వచ్చింది. బ్లౌజు కటింగ్ కొలతలు మొదట నేర్చుకున్నది అక్కడున్న పుస్తకంలోంచే. ఆ కొలతలు రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ మిషన్ డ్రాయర్లో ఉంది. అన్నం పెట్టిన చోటు అది నాకు.

సంక్రాంతి తర్వాత ఇంటి పన్ను రెండో అర్ధ సంవత్సరానిది కడదామని మా అమ్మాయి ఫోన్లో బిల్లు తీసింది. పన్ను 1,250 రూపాయలు, కింద లైబ్రరీ సెస్ అని 100 రూపాయలు. ఇన్నేళ్లూ కట్టాను గానీ ఆ గీత ఎప్పుడూ చూసుకోలేదు. ఏడాదికి 200. మా సందులోనే 140 ఇళ్లున్నాయి, తలా ఇంతే అనుకున్నా 28,000 అవుతుంది. ఊరంతా కలిపితే ఎంత?

వార్డు సచివాలయానికి వెళ్తే మున్సిపల్ ఆఫీసులో అడగమన్నారు. అక్కడికి వెళ్తే లైబ్రరీ మాది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థది అన్నారు. బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్తే, మీ ఊరి నుంచి సెస్సు సరిగ్గా రావడం లేదు, మరమ్మతులకు డబ్బు ఎక్కడిది అన్నారు. మూడు రోజులు షాపు మూసి తిరిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కానీ ఎవరూ మాది అనలేదు.

నా ప్రశ్నలు ఇవి. నేను కట్టిన ఆ 100 రూపాయలు ఎక్కడికి వెళ్తాయి? అది తెలుసుకునే హక్కు నాకుందా? ఈ భవనాన్ని బాగుచేయమని రాతపూర్వకంగా ఎవరిని అడగాలి? ఇంకో భయం కూడా ఉంది. ఆ స్థలం మార్కెట్ పక్కనే కదా, షాపింగ్ కాంప్లెక్స్ కడతారని సందులో అనుకుంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత బిల్ కలెక్టర్:

అమ్మా, నేను 31 ఏళ్లు మున్సిపల్ రెవెన్యూ సెక్షన్లో చేసి దిగాను, వేరే జిల్లాలో. మీరు సరైన చోటే వేలు పెట్టారు.

1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. మీ 1,250కి 100 రావడం అందుకే. వసూలు చేసేది మాత్రం పట్టణాల్లో మున్సిపాలిటీ, పల్లెల్లో పంచాయతీ. వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. అంటే ఆ డబ్బు విషయంలో మున్సిపాలిటీ మధ్యలో ఉన్న చెయ్యి మాత్రమే.

చిక్కు ఎక్కడ వస్తుందో చెప్తాను. కౌంటర్లో మీరు కట్టేది ఒకే రసీదు, ఒకే మొత్తం. అది ఖజానాలో జమయ్యాక నెలాఖరుకు జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్ ఎదురుగా నిలబడతాయి. లైబ్రరీ వాళ్లు వచ్చి గట్టిగా అడగరు. దాంతో ఈ నెల కాదు, వచ్చే నెల అని వాయిదా పడుతుంది. నేను పనిచేసిన చోట అలా బకాయి పేరుకుపోవడం కళ్లారా చూశాను. అప్పుడు నేనూ నోరు తెరవలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి, రెండూ ఒకే రోజు. ఒకటి మున్సిపాలిటీలో పౌర సమాచార అధికారికి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో గ్రంథాలయ సెస్సు డిమాండ్ (అంటే రావాల్సిన మొత్తం) ఎంత, వసూలు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు, ఆ చెక్కు లేదా చలానా నకళ్లు. రెండోది గ్రంథాలయ సంస్థకు. అవే మూడేళ్లలో మీ మున్సిపాలిటీ నుంచి ఏ తేదీన ఎంత వచ్చింది, మీ శాఖ మీద ఏ పద్దు కింద ఎంత ఖర్చు పెట్టారు. రెండు జవాబులు పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ ఆగిందో మీకే కనబడుతుంది.

ఒక జాగ్రత్త. 'ఎందుకు కట్టలేదు', 'ఎప్పుడు బాగు చేస్తారు' అని అడగొద్దు. కాగితంలో ఉన్నదే ఇవ్వాలి తప్ప వివరణ ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు, ఆ వంకతో తిప్పి పంపుతారు. మున్సిపాలిటీ దరఖాస్తులోనే ఇంకో మాట కలపండి. భవనం స్థితి మీద ఇంజనీరింగ్ విభాగం నివేదిక ఏదైనా ఇచ్చిందా, ఎస్టిమేట్ వేశారా, ఉంటే నకలు.

ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ తీయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, దానికి రుజువు జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. రసీదు లేకుండా కాగితం ఇచ్చి రాకండి.

కాలువగట్టు:

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట అంటాను, తప్పుగా అనుకోవద్దు. మా వార్డులో వాన పడితే మురుగు వంటింట్లోకి వస్తుంది. మంచినీళ్లు రోజు విడిచి రోజు. పేపర్లు ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూస్తున్నారు. డబ్బులు తక్కువున్న ఊళ్లో ముందు డ్రైనేజీ బాగు చేయాలా, లైబ్రరీయా? నన్ను అడిగితే డ్రైనేజీ అంటాను.

రంగుదారం:

తమ్ముడూ, తప్పుగా ఎందుకు అనుకుంటాను. మీ వంటింట్లోకి మురుగు రావడం చిన్న విషయం కాదు. మా సందులోనూ రెండేళ్లు అదే బతుకు. కానీ డ్రైనేజీకీ, నీళ్లకీ వేరే పద్దులున్నాయి, వేరే పన్నులు కడుతున్నాం. ఈ 8 పైసలు లైబ్రరీ పేరు చెప్పి తీసుకున్నవి. దీన్ని అక్కడ వాడితే మీ కాలువ బాగుపడిందా? పడలేదు కదా. ఇద్దరికీ పని జరగలేదు. మీరు మీ డ్రైనేజీ గురించి అర్జీ పెట్టండి, నేనొచ్చి సంతకం పెడతాను.

ఫోన్ సంగతి కూడా నిజమే. మరి మా హమాలీ తాతకు ఫోన్లో ఎవరు చదివి పెడతారు? ఆయన ఇప్పుడు ఉదయం పూట మూసిన లైబ్రరీ మెట్ల మీదే కూర్చుని వెళ్లిపోతున్నాడు.

డీఎస్సీ ప్రయత్నం:

అక్కా, మాది వేరే ఊరు గానీ మా శాఖ కూడా 2 గదులదే. అది మూసేస్తే నా పరిస్థితి ఏమిటో ఊహించుకుంటేనే భయమేస్తోంది. ఇంట్లో ఒకే గది, టీవీ, చిన్నపిల్లలు. ప్రైవేటు రీడింగ్ రూమ్‌కి నెలకు 700 అడుగుతున్నారు. నాన్నకు కూలి దొరికిన వారం ఉంటుంది, దొరకని వారం ఉంటుంది.

మీరు మరమ్మతుల గురించి అడిగేటప్పుడు ఆడపిల్లలకు బాత్రూమ్ గురించి కూడా రాయండి. మా దగ్గర లేదు. సాయంత్రం ఆరింటికల్లా మేం లేచి వచ్చేస్తాం, అబ్బాయిలు మూసేదాకా చదువుకుంటారు. రోజుకు 2 గంటలు అంటే పరీక్ష నాటికి ఎన్ని గంటల తేడా వస్తుందో ఆలోచించండి. ఈ విషయం ఎవరూ అడగరు, మేం అడగాలంటే సిగ్గు.

కార్డు కేటలాగు:

నేను గ్రంథపాలకుడిగా 28 ఏళ్లు పనిచేశాను. లైబ్రరీ మూసి ఉంది అనగానే అందరూ లైబ్రేరియన్‌ను తిడతారు, ముందు ఆ సంగతి చెప్పనివ్వండి. చాలా చోట్ల ఒకే మనిషి రెండు మూడు శాఖలకు ఇన్‌ఛార్జి. తాళాల గుత్తి పట్టుకుని బస్సుల్లో తిరుగుతాడు. రంగుదారం అమ్మ ఎవరినీ తిట్టకుండా రాసినందుకు సంతోషం.

బిల్ కలెక్టర్ గారు డబ్బు దారి చూపించారు. నేను స్థలం గురించి చెప్తాను. మీ భయం ఉత్తది కాదు. పాత ఊళ్లలో లైబ్రరీలు చాలావరకు దాతలు ఇచ్చిన స్థలంలోనే లేచాయి. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగినప్పటి నుంచీ మన దగ్గర అది ఉద్యమం. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది, ఆ భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా చదివించారు. ఆ గాలి సోకిన వాళ్లే ఎక్కడికక్కడ ఆరు సెంట్లో, పది సెంట్లో రాసిచ్చారు. దానపత్రంలో ఏం రాశారన్నదే మీకు ముఖ్యం. లైబ్రరీకే వాడాలి అన్న షరతు ఉందా లేదా చూడాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు, హద్దులు ఇచ్చి ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. అందులో దస్తావేజు నంబరు, సంవత్సరం వస్తాయి. వాటితో దానపత్రం సర్టిఫైడ్ కాపీ అడగండి. అది చేతికొచ్చాక ఒక లాయర్‌కు చూపించండి. మూసిన భవనం మీద ఎవరో ప్లాన్ గీసే ముందే ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది మీ 62 సంచులు. గోనె సంచుల్లో పుస్తకాలు, నేల మీద, కిటికీలు మూసిన గదిలో, ఒక వానాకాలం దాటి! చెదలు కింది నుంచి వస్తాయి. ఇన్‌ఛార్జి లైబ్రేరియన్‌ను, హెడ్‌మిస్ట్రెస్‌ను ఇద్దరినీ అడిగి, వాళ్ల ఎదుటే సంచులు విప్పి, బల్లల మీదికి ఎక్కించండి. యాక్సెషన్ రిజిస్టర్, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసే పుస్తకం, పక్కన పెట్టుకుని నంబర్లు సరిచూడండి. రిజిస్టర్ కూడా సంచిలోనే ఉందేమో, మొదట అది వెతకండి. అది పోతే ఆ లైబ్రరీలో ఏముండేదో చెప్పే ఆధారం ఉండదు.

రంగుదారం (41 రోజుల తర్వాత):

అందరికీ దండాలు. ఏం జరిగిందో రాయాలి కదా, షాపు మూసి కూర్చుని రాస్తున్నాను.

సమాచార హక్కు దరఖాస్తులు రెండూ పెట్టాం. మున్సిపాలిటీ నుంచి 27వ రోజున జవాబు వచ్చింది. డిమాండ్, వసూలు గళ్లు మూడేళ్లకూ నింపారు. జమ చేసిన గడిలో ఒక ఏడాదికే అంకె ఉంది, మిగతా రెండేళ్లకూ గీత పెట్టారు. ఇంజనీరింగ్ నివేదిక గురించి, అందుబాటులో లేదు అని ఒక్క మాట. అంటే భవనం పనికిరాదని కాగితం మీద ఎవరూ చెప్పలేదు! పెచ్చులూడాయని మూసేశారు, అంతే. గ్రంథాలయ సంస్థ నుంచి ఇంకా జవాబు రాలేదు. మొదటి అప్పీలు రాసి ఉంచాను, రేపు స్పీడ్ పోస్టులో పంపుతాను.

దానపత్రం దొరికింది. 1961 నాటిది. ఇచ్చింది ఒక ఆవిడ, భర్త పేరున. నేను ఇన్నేళ్లూ ఎవరో రైసుమిల్లు ఆయన ఇచ్చాడనుకున్నాను. ఆవిడ వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్ర చూసి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. స్థలం 6 సెంట్లు, పఠన మందిరం కోసం తప్ప వేరే పనికి వాడకూడదని స్పష్టంగా రాసి ఉంది. లాయర్ గారు చూశారు. ఫీజు తీసుకోలేదు. కమిషనర్ గారికి ఈ కాగితం నకలు జతచేసి ఇప్పుడే ఒక లేఖ ఇచ్చి రసీదు తీసుకొమ్మన్నారు. ఇచ్చాం, తీసుకున్నాం.

సంచులు రెండు ఆదివారాలు విప్పాం. మా పొదుపు సంఘం నుంచి 9 మంది వచ్చారు, పరీక్షల పిల్లలు ఆరుగురు. ఇన్‌ఛార్జి లైబ్రేరియన్ గారు సొంత ఖర్చుతో వచ్చి సాయంత్రం దాకా నిలబడ్డారు. రిజిస్టర్ 38వ సంచిలో ఉంది. కింది వరస సంచులు 11 తడిసి ఉన్నాయి, వాటిని ఇంకా ముట్టుకోలేదు. పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువ వాటిలోనే ఉన్నట్టున్నాయి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, 412 సంతకాలతో. హమాలీ తాత వేలిముద్ర మొదటిది. ఆడపిల్లల బాత్రూమ్ సంగతి రెండో పేరాలో రాశాం. డీఎస్సీ చెల్లీ, నీ మాటే అది. కాలువగట్టు తమ్ముడూ, మీ డ్రైనేజీ అర్జీకి నమూనా కావాలంటే మాది పంపిస్తాను.

తర్వాత కమిషనర్ గారు పిలిచి, భవనం సంగతి తేలేదాకా పాత వాటర్ ట్యాంకు దగ్గర ఖాళీగా ఉన్న రెండు గదులు లైబ్రరీకి ఇస్తామన్నారు. నోటిమాటే, కాగితం రాలేదు. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే పాత స్థలం వదిలేసుకున్నట్టు అవుతుందేమోనని కొందరు భయపడుతున్నారు.

పాత బిల్ కలెక్టర్:

ఒప్పుకోండి అమ్మా, కానీ కాగితం మీద. ఆ ఉత్తర్వులో మూడు మాటలు ఉండాలి. ఇది తాత్కాలికం అని, ఎన్ని నెలలకో అంకెల్లో, పాత భవనానికి ఎస్టిమేట్ ఏ తేదీలోగా వేస్తారో. మీరు ఇచ్చే అంగీకార పత్రంలో దానపత్రం నంబరు, సంవత్సరం రాసి, పాత స్థలం మీద లైబ్రరీ హక్కు అలాగే ఉంటుందని ఒక వాక్యం పెట్టి లాయర్ గారికి చూపించండి. గీత పెట్టిన ఆ రెండేళ్ల గురించి, బకాయి వాయిదాల మీదైనా కట్టమని కౌన్సిల్ అజెండాలో పెట్టించమని మీ వార్డు కౌన్సిలర్‌ను అడగండి. కౌన్సిల్ తీర్మానంలోకి ఎక్కితే తర్వాత వచ్చే అధికారి కూడా కాదనలేడు.

కార్డు కేటలాగు:

వేలిముద్ర వేసిన ఆవిడ పేరు ఆ గదుల గోడ మీద రాయించండి, తాత్కాలికమైనా సరే.

తడిసిన 11 సంచులు ఎండలో పెట్టొద్దు. కాగితం వంకర్లు పోతుంది, అట్టలు లేచిపోతాయి. నీడలో, ఫ్యాను కింద, పుస్తకాన్ని నిలబెట్టి పేజీలు విసనకర్రలా కొంచెం విప్పి ఉంచాలి. అంటుకున్న పేజీలను గోటితో లాగొద్దు. బూజు పట్టినవి వేరే గదిలో పెట్టండి, ముట్టుకునేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవాలి. మీది ఏ ఊరో నాకు మెసేజ్ పెట్టమ్మా. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు నేను వస్తాను. ఆ 11 సంచులు నేను వచ్చాకే విప్పుదాం.